విశ్వాసం వల్లనే రక్షణ అయితే యాకోబు 2:24ను పిల్లలకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: సండేస్కూలు టీచరు, గుంటూరు జిల్లా

అందరికీ వందనాలు. నేను గుంటూరు జిల్లాలోని ఒక లూథరన్ సంఘంలో పదకొండేళ్లుగా సండేస్కూలు చెబుతున్నాను. వేదాంత కళాశాలలో చదువుకున్నదాన్ని కాను. వారంలో ఆరు రోజులు బడిలో లెక్కలు చెప్పి, ఏడో రోజు ఈ పిల్లలకు వాక్యం చెప్పే మనిషిని. నా ప్రశ్నలో పరిభాష తప్పులు ఉంటే మన్నించండి.

గత నెల మా తరగతికి కంఠస్థ వాక్యం ఎఫెసీయులకు 2:8-9. "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" అని పిల్లలు ఒకరి తర్వాత ఒకరు అప్పచెప్పారు. తొమ్మిదో తరగతి చదివే ఒక అబ్బాయి తన వంతు పూర్తయినా కూర్చోలేదు. బైబిలు మూసే ఉంది గాని, వెనుక పేజీల మధ్య వేలు పెట్టుకుని ఉన్నాడు. ఆ చోట తెరిచి యాకోబు పత్రిక రెండవ అధ్యాయం 24వ వచనం చదివాడు: "మనుష్యుడు విశ్వాసమూలమున మాత్రము కాక క్రియల మూలమునను నీతిమంతుడని యెంచబడునని మీరు దీనివలన గ్రహింతురు." చదివి, "ఈ రెండిట్లో ఏది కరెక్టు టీచర్?" అని అడిగాడు. రెండూ సరైనవే అన్నాను. "లెక్కల క్లాసులో ఇలా రాస్తే మీరు మార్కులు వెయ్యరు కదా" అన్నాడు. పిల్లలందరూ నవ్వారు, నేనూ నవ్వాను గాని, ఇంటికి వచ్చాక ఆ మాట నన్ను వదల్లేదు.

మా పాస్టరు గారిని అడిగితే, క్రియలు విశ్వాసానికి ఫలాలేగాని వేర్లు కావని చెప్పి, పెళ్లికి ఆలస్యమవుతోందని బయలుదేరారు. ఆ మాట నిజమే కావచ్చు. కానీ ఆ అబ్బాయికి అది చాలదు, నాకూ చాలలేదు. రోమీయులకు రాసిన పత్రికలో పౌలు, తన పత్రికలో యాకోబు, ఇద్దరూ అబ్రాహామునే సాక్షిగా పిలిచి, ఆదికాండంలోని ఒకే వాక్యాన్ని ఉదాహరించి, వినడానికి ఎదురెదురుగా ఉన్న తీర్మానాలకు ఎలా వచ్చారన్నది నా మొదటి సందేహం. రెండవది చెప్పడానికి కొంచెం మొహమాటంగా ఉంది. కృప ఉచితమని ప్రసంగం విన్న గంటలోనే, దశమభాగం, అంటే ఆదాయంలో పదోవంతు కానుక, బాకీ ఉన్న కుటుంబాలు ఆశీర్వాదం ఎలా ఆశించగలవని ప్రకటన వినవలసి వస్తే, పిల్లలు ఏది నమ్మాలి? మా తరగతిలో ఇద్దరి ఇళ్లలో తల్లి విశ్వాసి, తండ్రి కాదు. వాళ్లకు ఇది రాత్రి భోజనాల దగ్గర కూడా ఉండే ప్రశ్న.

దయచేసి పిల్లలకు అర్థమయ్యేలా, నన్ను మభ్యపెట్టకుండా చెప్పగలరు.

జవాబు: విశ్రాంత సంఘ కాపరి, రాజమహేంద్రవరం

అమ్మా, వందనాలు. మీ విద్యార్థి అడిగినది మన సంఘాలకు మూలపురుషుడైన సంస్కర్త మార్టిన్ లూథరునే ఇబ్బంది పెట్టిన ప్రశ్న. 1522లో ఆయన జర్మన్ భాషలో ప్రచురించిన కొత్త నిబంధన ముందుమాటలో, పౌలు పత్రికల పక్కన పెట్టి చూస్తే యాకోబు పత్రిక గడ్డిపోచ వంటిదని రాశాడు. తర్వాత వచ్చిన పూర్తి బైబిలు ముద్రణల్లో ఆ మాట కనిపించదు. అదే అనువాదంలో రోమీయులకు 3:28 దగ్గర, గ్రీకు మూలంలో లేని "మాత్రమే" అనే మాటను చేర్చాడు. విమర్శలు వచ్చినప్పుడు 1530లో ఒక బహిరంగ లేఖ రాసి, జర్మన్ పలుకుబడికీ పౌలు భావానికీ ఆ మాట అవసరమేనని సమర్థించుకున్నాడు. చిత్రమేమంటే, "విశ్వాసం మాత్రమే" అన్న కూర్పు కొత్త నిబంధన మొత్తం మీద కనిపించేది యాకోబు 2:24లో ఒక్కచోటనే, అదీ "మాత్రము కాక" అనే నిరాకరణతో. మీవాడు వేలు పెట్టుకుని నిలబడింది సరిగ్గా అక్కడే.

మీరు లెక్కలు చెప్పేవారు గనుక అబ్రాహాము వయసుతో మొదలుపెట్టండి. "అతడు యెహోవాను నమ్మెను, ఆయన అది అతనికి నీతిగా ఎంచెను" అనే మాట ఆదికాండము 15:6లో ఉంది. ఇష్మాయేలు పుట్టేనాటికి ఆయనకు 86 ఏళ్లని 16వ అధ్యాయం, సున్నతి పొందేనాటికి 99 ఏళ్లని 17వ అధ్యాయం, ఇస్సాకు పుట్టేనాటికి 100 ఏళ్లని 21వ అధ్యాయం చెబుతాయి. దేవుని మాట మీద తన కొడుకు ఇస్సాకును బలిపీఠం మీద ఉంచిన సంగతి 22వ అధ్యాయంలో వస్తుంది. పౌలు 15వ అధ్యాయం దగ్గర నిలబడి, ఈ నీతి అతనికి సున్నతికి ముందు ఎంచబడిందా, తర్వాత ఎంచబడిందా అని అడుగుతున్నాడు. యాకోబు 22వ అధ్యాయం దగ్గర నిలబడి, కొండ ఎక్కి దిగిన ఆ ముసలివాణ్ని చూపించి, 15లోని ఆ మాట ఇక్కడ నెరవేరిందని అంటున్నాడు. ఒకే మనిషి జీవితంలోని రెండు వేర్వేరు రోజుల గురించి ఇద్దరు మాట్లాడుతున్నారు.

వాళ్ల ఎదుట ఉన్న మనుషులు కూడా వేరు. సున్నతి పొంది ధర్మశాస్త్రం కాడి మోస్తేనే అన్యజనులను దేవుని ప్రజలుగా ఒప్పుకుంటామని ద్వారం దగ్గర నిలబడి అడ్డుకునేవారితో పౌలు వాదిస్తున్నాడు. యాకోబు ఎదుట ఉన్నవాడు ఆ ద్వారం ఎప్పుడో దాటి, లోపల హాయిగా కూర్చున్నవాడు. కట్టుకోవడానికి బట్ట, తినడానికి తిండి లేని సహోదరునితో "సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి" అని తియ్యగా చెప్పి, చేతిలో ఏమీ పెట్టకుండా పంపేసేవాడు. మొదటివాడికి చెప్పవలసిన మందు రెండోవాడికి చెబితే విషమవుతుంది.

పిల్లలకు ఇంకొక మెట్టు కావాలంటే మన భాషలోనే ఉంది. తెలుగులో నమ్మడం వేరు, నమ్ముకోవడం వేరు. ఫలానా వంతెన గట్టిదేనని గట్టు మీద కూర్చుని నమ్మవచ్చు. బండితో సహా దాని మీదికి వెళ్లినవాడు ఆ వంతెనను నమ్ముకున్నాడు. భూమిని నమ్ముకున్న రైతు అంటాం గాని భూమిని నమ్మిన రైతు అనం. "దయ్యములును నమ్మి వణకుచున్నవి" అని యాకోబు ఎత్తిపొడిచింది మొదటి రకం నమ్మకాన్ని. దయ్యాలు నమ్ముతాయి, నమ్ముకోవు. పౌలు "విశ్వాసము" అన్నప్పుడల్లా రెండో అర్థంలోనే అంటున్నాడు, అందుకే గలతీయులకు 5:6లో ప్రేమ వల్ల పనిచేసే విశ్వాసమని దానికి గుర్తు కూడా చెప్పాడు. మీ పిల్లలకు ఎఫెసీయులకు 2:8-9 కంఠస్థం పెట్టి 10వ వచనం వదిలేశారు చూడండి, అక్కడే కొంత చిక్కు వచ్చింది. సత్‌క్రియలు చేయడానికే మనం క్రీస్తులో సృష్టింపబడ్డామని ఆ వచనం. తొంభై శాతం సండేస్కూళ్లలో ఇదే పొరపాటు అని నా అనుమానం. నేనూ నలభై ఏళ్లు అలాగే చెప్పాను.

క్రియల వల్ల రక్షణ అని బోధించిన రోమా సంఘం మీద 1517 అక్టోబరు 31న విట్టెన్‌బర్గ్‌లో లూథరు తిరగబడ్డాడు. పాపశిక్ష తగ్గింపు పత్రాలను ఊరూరా అమ్ముతూ, ఆ డబ్బుతో రోములో పేతురు దేవాలయం కడుతుంటే ఆయన 95 ప్రతిపాదనలు రాశాడు. మన సంఘాలు ఆ సంస్కరణ దినాన్ని ఏటా ఆచరిస్తాయి. అయితే దశమభాగం గురించి మీరు మొహమాటపడుతూ రాసిన మాట చదివినప్పుడు నాకు సిగ్గువేసింది. గుడి పైకప్పుకు రేకులు కొనవలసిన ఏడాది నేనూ సరిగ్గా అలాంటి ప్రకటనే చేశాను. రేకులు వచ్చాయి. కానీ మరుసటి వారం ఒక ముసలావిడ నా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, నా దగ్గర యాభై రూపాయలే ఉన్నాయి, నా కొడుకు జ్వరం తగ్గడానికి సరిపోతాయా?" అని అడిగింది. మన నాలుక మీద కృప ఉంది, ఒంట్లో మాత్రం మొక్కుబడి లెక్కలే నడుస్తున్నాయి. ఉపవాసానికి ఉద్యోగం, కానుకకు స్వస్థత అని బేరం పెట్టడం యాకోబు చెప్పిన క్రియ కాదు. యాకోబు చెప్పిన క్రియలో ఎదుటివాడి ఆకలి తీరుతుంది.

జవాబు: కతోలిక ఉపదేశి, కృష్ణా జిల్లా

కాపరి గారి వివరణలో అబ్రాహాము భాగం, నమ్ముకోవడం భాగం నాకు ఎంతో నచ్చాయి. మా జ్ఞానోపదేశం తరగతిలో వాడుకుంటాను. అయితే మా సంఘం క్రియల వల్ల రక్షణ అని బోధించిందన్న ఒక్క వాక్యం దగ్గర ఆగవలసి వస్తోంది. పత్రాల వ్యాపారం జరిగింది, అది సిగ్గుచేటు, దాన్ని నేను సమర్థించను. కానీ వ్యాపారం వేరు, సిద్ధాంతం వేరు.

లూథరు లేవనెత్తిన ప్రశ్నలకు జవాబుగా మా సంఘం జరిపిన ట్రెంటు మహాసభ 1547 జనవరి 13న నీతిమత్వం గురించి చేసిన నిర్ణయంలో 33 నియమాలు ఉన్నాయి. వాటిలో మొట్టమొదటిదే, క్రీస్తు ద్వారా వచ్చే దైవానుగ్రహం లేకుండా మనిషి తన సొంత క్రియలతో దేవుని ఎదుట నీతిమంతుడు కాగలడని చెప్పేవాణ్ని ఖండిస్తుంది. తొమ్మిదవ నియమం విశ్వాసం మాత్రమే చాలునని, మనిషి మనస్సు వైపు నుంచి సహకారం ఏదీ అక్కరలేదని అర్థం చేసుకునేవారిని ఖండిస్తుంది. మొదటిదాన్ని వదిలేసి తొమ్మిదవదాన్ని మాత్రమే చెప్పుకుంటూ వచ్చారు ఒకవైపు వారు. లూథరు చెప్పిన విశ్వాసం ఎంత చురుకైనదో చూడకుండా ఖండించారు మరోవైపు వారు.

అసలు గొడవ ఎక్కడ ఉందో తెలుగులోనే చూపించవచ్చు. పౌలు మాటను మీ బైబిలులో "నీతిమంతులుగా తీర్చబడుట" అని అనువదించారు. తీర్చడం అనే మాటలోంచి తీర్పు వచ్చింది, తీర్చిదిద్దడం కూడా వచ్చింది. న్యాయాధిపతి ఒక మనిషిని నిర్దోషి అని తీర్పు తీరుస్తాడు. శిల్పి రాయిని తీర్చిదిద్దుతాడు. దేవుడు పాపిని నీతిమంతుడని ప్రకటిస్తాడన్న మొదటి అర్థం మీద ప్రొటెస్టంట్లు నిలబడ్డారు. దేవుడు పాపిని నిజంగా నీతిమంతునిగా మలుస్తాడన్న రెండో అర్థాన్ని మేము వదలలేదు. లాటిన్ భాషలో ఆ క్రియాపదానికి నీతిమంతునిగా చేయడం అనే అర్థం ఉండటం, అగస్టీను వంటి తొలినాటి సంఘ బోధకులు దాన్ని అలాగే చదవడం అందుకు ఒక కారణం. నాలుగు శతాబ్దాలు తగవులాడుకున్న రెండు అర్థాలూ మనకు ఒక్క ధాతువులో ఒదిగి ఉన్నాయి.

ఇంకొక సంగతి టీచరు గారికి పనికివస్తుంది. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కతోలిక సంఘం కలిసి నీతిమత్వం మీద ఒక సంయుక్త ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన యోగ్యతను బట్టి కాక కృప వల్లనే, క్రీస్తు చేసిన రక్షణ కార్యం మీద విశ్వాసంతో మనల్ని దేవుడు అంగీకరిస్తాడనీ, ఆత్మ మన హృదయాలను నూతనపరచి సత్క్రియలకు సిద్ధం చేస్తాడనీ దాని సారం. ప్రపంచ మెథడిస్టు సభ 2006లో, సంస్కరణ సంఘాల ప్రపంచ సమాఖ్య 2017లో దానితో ఏకీభవించాయి. మీ ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం కూడా ఆ లూథరన్ సమాఖ్యలో సభ్యురాలే. ఈ విషయం రెండు వైపులా పీఠాల మీదినుంచి ఎంత అరుదుగా వినిపిస్తుందో చెప్పనక్కరలేదు. అన్ని చిక్కులూ విడిపోయాయని ఆ ప్రకటన చెప్పుకోలేదు గాని, పాత ఖండనలు ఈనాటి ఎదుటివారి బోధకు తగలవని ఒప్పుకుంది.

మీరు కృప అనే దాన్ని మేము వరప్రసాదం అంటాం. వరమూ, ప్రసాదమూ, రెండూ ఉచితంగా ఇచ్చేవే.

జవాబు: బాప్టిస్టు సంఘ సభ్యుడు, ఒంగోలు

దశమభాగం గురించి చదివాక మా ఊరి చరిత్రలోని ఒక సంగతి రాయాలనిపించింది. 1876-78 కరవులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే పనిని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న వేలాదిమందికి కూలి దొరికేలా చేశారు. ఆ పనుల దగ్గరే బోధకులు వాక్యం చెప్పేవారు, బాప్తిస్మం కావాలని అడిగేవారు గుంపులుగా వచ్చేవారు. అయినా కరవు సహాయం సాగినంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశారు. కూలి కోసమో గింజల కోసమో వచ్చే మాట విశ్వాసం కాకపోవచ్చునన్న భయమే దానికి కారణం. సహాయం ఆగిపోయి, ఇవ్వడానికి చేతిలో ఏమీ లేని రోజుల్లో కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో దిగారు.

గింజల క్రైస్తవులని మమ్మల్ని వెక్కిరించేవారికి ఈ సంగతి చెప్పి గర్వపడుతూ పెరిగాను. వయసు పెరిగేకొద్దీ దీన్ని మరోవైపు నుంచి కూడా చూస్తున్నాను. వచ్చినవారిలో అత్యధికులు మాదిగలు. ఊరికి వెలుపల ఉంచబడినవారికి, ఎవరి సేవా ఎవరి కానుకా అడగకుండా దేవుడు నిన్ను స్వీకరించాడని చెప్పడంలో ఎంత బలం ఉందో, పుట్టుకతోనే గుడి మెట్లు ఎక్కినవారికి సులభంగా తెలియదు. పుణ్యం సంపాదించుకోవడానికి పొలమూ, తీరికా, దానం చేయడానికి ధనమూ కావాలి. ఏమీ లేనివాడికి మిగిలేది నమ్ముకోవడమే. అటువంటి తాతల మనవలం మనం. ఇప్పుడు బాకీదారుల జాబితా చదువుతున్నామంటే మనమే ఆ ద్వారం దగ్గర సున్నతి కత్తి పట్టుకుని నిలబడ్డామన్నమాట. కాపరి గారు తన పొరపాటు తానే చెప్పుకున్నారు గనుక ఇంతకన్నా పొడిగించను.

జవాబు: తెలుగు అధ్యాపకుడు, హైదరాబాద్

నేను క్రైస్తవుణ్ని కాను. శ్రీవైష్ణవ కుటుంబంలో పుట్టినవాణ్ని. ఈ చర్చ చదువుతుంటే మా ఇంట్లో పెద్దల వాదనలు గుర్తొచ్చాయి. జీవుడు భగవంతుణ్ని ఎలా చేరతాడన్న దాని మీద మాలో వడగలై, తెంగలై సంప్రదాయాల మధ్య శతాబ్దాల నాటి భేదం ఉంది. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా కరచుకుంటుంది, తల్లి దూకుతుంది. ఇది మర్కట కిశోర న్యాయం. పిల్లికూన ఏమీ చేయదు, తల్లే మెడ పట్టుకుని మోసుకుపోతుంది. ఇది మార్జాల కిశోర న్యాయం. మొదటిది వడగలై ఆచార్యులు వేదాంత దేశికుల వారి వైపు, రెండవది తెంగలై ఆచార్యులు పిళ్లై లోకాచార్యుల వారి వైపు చెబుతారు. రెండూ ఒకటేనని నేను అనడం లేదు. మా శరణాగతికీ మీ సిలువకూ మధ్య దూరం ఉంది, ఆ దూరాన్ని మర్యాద కోసం చెరిపేయడం ఇష్టం లేదు. ప్రశ్న మాత్రం నాకు తెలిసిన ప్రశ్నే.

అందువల్ల రెండు ఆక్షేపణలు. విశ్వసించడం కూడా మనిషి చేసే పనే కదా? కోతిపిల్ల చేతులు కూడా చేతులే. క్రియలన్నిటినీ తీసేసి విశ్వాసం ఒక్కదాన్ని ఉంచితే, ధర తగ్గించినట్టే గాని ఉచితంగా ఇచ్చినట్టు కాదు. రెండవది కొంచెం కటువైనది. జీవితమంతా పరులను పీడించినవాడు చివరి గంటలో యేసును నమ్మి పరదైసుకు వెళ్లవచ్చు గాని, జీవితమంతా పరుల కోసం బతికి, ఏ కారణం చేతనో నమ్మలేకపోయినవాడు వెళ్లకూడదంటే, టీచరు గారి తరగతిలో ఆ ఇద్దరు పిల్లలు తమ తండ్రుల గురించి ఏమనుకోవాలి?

జవాబు: విశ్రాంత సంఘ కాపరి, రాజమహేంద్రవరం

ముందుగా ఉపదేశి గారికి క్షమాపణ. ట్రెంటు మొదటి నియమం నాకు తెలియనిది కాదు. అలవాటైన ప్రసంగ వాక్యం కలంలోకి వచ్చేసింది.

అధ్యాపకుల వారూ, మీ మొదటి ఆక్షేపణ ఎఫెసీయులకు 2:8 చదివిన ప్రతివాడికీ రావలసినదే. "ఇది మీవలన కలిగినది కాదు" అన్నచోట "ఇది" అంటే ఏది? గ్రీకులో కృప, విశ్వాసం రెండూ స్త్రీలింగ పదాలు. "ఇది" అన్న మాట నపుంసక లింగంలో ఉంది. కనుక అది ఆ రెండిట్లో ఒకదాన్ని మాత్రమే సూచించడం లేదు, రక్షింపబడటమన్న మొత్తం సంగతిని సూచిస్తోందని చాలామంది వ్యాఖ్యాతలు చదువుతారు. అంటే నమ్ముకోగలగడం కూడా ఇచ్చినదానిలో భాగమే. ముష్టివాడు చేయి చాపడం పనే కావచ్చు, కానీ ఆ చాపినందుకు కూలిగా అన్నం పెట్టారని ఎవరూ అనరు. అయితే చేయి చాపేలా చేసింది కూడా దేవుడేనా, చాపకుండా ఉండే స్వేచ్ఛ మనిషికి ఉందా అన్న దగ్గర దేవుడేననే సంస్కర్త కాల్విను వైపువారూ, స్వేచ్ఛ ఉందనే మెథడిస్టుల మూలపురుషుడు వెస్లీ వైపువారూ విడిపోయారు. మీ కోతి, పిల్లి మా ఇంట్లో కూడా ఉన్నాయి.

రెండవదానికి నా దగ్గర అంత నున్నటి జవాబు లేదు. యేసు పక్కనే సిలువ వేయబడి చివరి గంటలో నమ్మిన దొంగ కథలో నాకు కనిపించేది నేరానికి బహుమతి కాదు. చేతులు కాళ్లు మేకులతో బిగించి ఉన్నవాడికి ఇక ఏ సత్క్రియా చేసే అవకాశం లేనప్పుడు కూడా తలుపు మూసుకోలేదన్న సంగతి. దాన్ని ముందే తెలిసిన వెసులుబాటుగా వాడుకునేవారి గురించి లూథరన్ కాపరి బాన్‌హోఫర్ 1937లో "చౌక కృప" అనే మాట వాడి, పశ్చాత్తాపం లేని క్షమాపణ సంఘానికి ప్రాణాంతక శత్రువని హెచ్చరించాడు. హిట్లరు ప్రభుత్వం ఆయన్ని 1945 ఏప్రిల్ 9న ఉరితీసింది. నమ్మలేకపోయిన మంచివాడి విషయంలో మా సంఘాలన్నీ ఒక్క మాట మీద లేవు. తమ తప్పిదం లేకుండా క్రీస్తు సువార్త ఎరుగక, దేవుణ్ని మనస్ఫూర్తిగా వెదకి, మనస్సాక్షి ప్రకారం నడిచేవారు కూడా రక్షణ పొందగలరని కతోలిక సంఘం రెండవ వాటికన్ మహాసభలో, 1964లో చెప్పింది. సువార్తిక సంఘాల్లో అత్యధికులు అలా చెప్పరు, తన ద్వారా తప్ప ఎవరూ తండ్రి దగ్గరికి రారని యేసు అన్న యోహాను 14:6 చూపిస్తారు. నేను ఆ రెండో వారిలోనే పెరిగాను. అయినా సమాధి దగ్గర నిలబడినప్పుడు ఎవరి పేరు జాబితాలో లేదో ప్రకటించే పని నాకు అప్పగించలేదని తెలుసు. ఆ ఇద్దరు పిల్లలకు, వాళ్ల నాన్నలు చేసే మంచిని తక్కువ చేసి ఎన్నడూ మాట్లాడవద్దని మాత్రం టీచరు గారికి నా మనవి. తండ్రి మంచితనాన్ని కించపరిచి నేర్పిన కృప, ఆ పిల్లవాడికి కృపలా వినిపించదు.

ప్రశ్న అడిగినవారు: సండేస్కూలు టీచరు, గుంటూరు జిల్లా

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆదివారం తరగతి జరిగింది కనుక ఏమైందో రాయడం నా బాధ్యత.

బోర్డు మీద అడ్డంగా ఒక గీత గీసి, అబ్రాహాము హారాను అనే ఊరిని విడిచినప్పటి వయసు 75తో మొదలుపెట్టి 86, 99, 100 అని గుర్తులు పెట్టాను. నీతిగా ఎంచబడిన రోజు ఏ రెండు అంకెల మధ్య ఉంటుందో పిల్లలనే చెప్పమన్నాను. 75కూ 86కూ మధ్య అని వాళ్లే తేల్చారు. సున్నతికి కనీసం పదమూడేళ్ల ముందన్నమాట అని ఒక అమ్మాయి తీసివేత చేసి చెప్పింది. ఇస్సాకును కొండకు తీసుకువెళ్లిన రోజుకు అంకె రాయలేకపోయాం, గ్రంథంలో లేదు గనుక. 100కు కుడివైపు ఎక్కడో ఒక చుక్క పెట్టాం. గీతకు ఎడమవైపు పౌలు అని, కుడివైపు యాకోబు అని రాశాను. నమ్మడానికీ నమ్ముకోవడానికీ ఉదాహరణలు అడిగితే, "మా నాన్న ఆటోను నమ్ముకున్నాడు" అని వెనక బెంచీ నుంచి ఒక పిల్ల అంది. విశ్వాసి కాని తండ్రి ఉన్న ఇద్దరిలో ఆ పిల్ల ఒకతి. ఇంకేమీ జోడించకుండా దాన్నే బోర్డు మీద రాశాను. ఈసారి కంఠస్థ వాక్యం 8 నుంచి 10 వరకు పెట్టాను.

అసలు ప్రశ్న అడిగిన అబ్బాయి చాలాసేపు గీత వైపే చూసి, "అంటే రిజల్టు ముందే వచ్చేసింది, పరీక్ష తర్వాత పెట్టారన్నమాట" అన్నాడు. ఆదికాండము 22:1 తీసి చదవమన్నాను. "దేవుడు అబ్రాహామును పరిశోధించెను" అని ఉండటం చూసి వాడి ముఖం వెలిగింది. మార్కులు వేశాను. సంతోషం నిమిషం కూడా నిలవలేదు. "మరి ఆ పరీక్ష తప్పి ఉంటే ముందొచ్చిన రిజల్టు క్యాన్సిల్ అయ్యేదా టీచర్?" అన్నాడు.

నాకు తెలిసినంతవరకు, ఒకసారి దొరికిన రక్షణ పోదని ఒంగోలు సహోదరుని సంఘంలో కొందరు, పోవచ్చని మెథడిస్టు వారు అంటారు. మా లూథరన్ పుస్తకాల్లో ఏముందో చూసుకోలేదు. తనవారిని ఎవరూ తన చేతిలోంచి లాక్కోలేరని యేసు అన్న యోహాను 10:28 దగ్గర ఒక కాగితం, తప్పిపోయినవారి గురించి హెచ్చరించే హెబ్రీయులకు 6:4-6 దగ్గర ఒక కాగితం పెట్టుకుని కూర్చున్నాను. తెలిసినవారు శనివారం సాయంత్రంలోగా రాయగలిగితే మేలు చేసినవారవుతారు.